రెండు పియానోలు, ఒక చెవి

సముద్రం ఎడమవైపు ఉంది. తాయారుకి మాత్రం అది కుడివైపు నుంచి వినిపిస్తోంది. ముందు వరసలో కుర్చీలు జరుపుతున్న చప్పుడూ కుడివైపు నుంచే, వెనక ఎవరో పల్లీల పొట్లం విప్పుతున్న గలగలా కుడివైపు నుంచే, బీచ్ రోడ్డు మీద ఆగకుండా మోగుతున్న ఆటో హారన్లూ కుడివైపు నుంచే. లోకంలో ఉన్న చప్పుళ్లన్నీ ఒక్క గుమ్మంలోంచే తోసుకుంటూ లోపలికి వస్తున్నాయి, ఏది ఎక్కడినుంచి వచ్చిందో తల తిప్పి చూస్తే తప్ప తెలియదు. ఎదురుగా వేదిక. వేదిక వెనక దూరంగా డాల్ఫిన్ కొండ, కొండకి అవతల మల్కాపురం, మల్కాపురంలో ఈ సాయంత్రానికి షట్టరు దించేసిన తమ మెస్సు. వేదిక మీద రెండు నల్లటి పియానోలు మూతలు పైకెత్తి, ఒకదానికొకటి ఎదురెదురుగా. అంత పెద్దవని తాయారు ఎప్పుడూ అనుకోలేదు. ఇన్నేళ్లూ రేడియోలో విన్న ఆ చప్పుడు ఏ హార్మోనియమంత పెట్టెలోంచో వస్తుందనుకుంది. ఇవి చూస్తే ఒక్కొక్కటీ రేవులో లంగరేసిన పడవంత ఉన్నాయి, వాటి నలుపులో పడమటి ఎరుపు మెరుస్తోంది, ఇంకా ఎవరూ ముట్టుకోకుండానే వాటి ముందు జనం గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

వదిన దేముడమ్మ ఎడమవైపు కూర్చుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఈ మధ్య తాయారు ఎక్కడికి వెళ్లినా మనుషుల్ని కుడిపక్కకి వచ్చేలా చూసుకుంటోంది, బస్సులో ఎడమ కిటికీ పక్క సీటు, మెస్సులో ఎడమపక్క గోడ, నడిచేటప్పుడు ఏదో పనున్నట్టు ఒక అడుగు వెనక్కి తగ్గి ఇటునుంచి అటు మారడం. ఇవాళ కుదరలేదు. వదిన ముందు నడిచి వరసలోకి దూరి కూర్చుంది, కుడివైపు కుర్చీలో అప్పటికే ఎవరో కళ్లద్దాలాయన ఉన్నాడు. వదిన ఏదో అంటోంది. పెదవులు కదలడం కంటి చివర కనిపిస్తోంది. తాయారు నవ్వింది. నవ్వాల్సిన మాటో కాదో తెలియదు. వదిన మొహం ఒక్క క్షణం ఆగి, మళ్లీ వేదికవైపు తిరిగిపోయింది. కాదన్నమాట.

వదినంటే అన్న పెళ్లాం మాత్రమే కాదు, మొగుడి అక్క కూడా. ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి, ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికి, కుండమార్పిడి పెళ్లిళ్లు వాళ్లవి, ఆనందపురం అవతల పల్లెలో ఒకే పందిట్లో రెండు జంటలు. ఎవరింట్లో ఎవరిని ఒక మాటన్నా రెండో ఇంట్లో ఇంకో పిల్లకి తగులుతుందని పెద్దవాళ్లు భయపడేవారు గానీ, ఈ ఇద్దరి మధ్యా అలాంటిదేం జరగలేదు. అన్న ఎల్లారావుకి పోర్టులో పని దొరికింది, వెనకే తాయారు మొగుడు వరహాలుకీ దొరికింది, బావా బావమరుదులు ఒకే షిఫ్టుకి వెళ్లొచ్చేవారు. ఆడవాళ్లిద్దరూ ముందు ఇంటి అరుగు మీద ఇడ్లీలు పెట్టారు, తర్వాత అరుగు చాలక చిన్న షెడ్డు, షెడ్డుకి బోర్డు. తెల్లారకుండానే రిఫైనరీ మంట ఆకాశంలో ఊగుతుండగా పొయ్యిలు వెలిగేవి. వదిన పెనం దగ్గర, తాయారు పిండి దగ్గర, ఇద్దరి తలల మీదా చెక్కబల్ల మీద రేడియో. ఆ రేడియోలోనే మొదటిసారి విన్నారు ఈ ఇద్దరినీ.

పియానో ముందు కూర్చుని తామే వాయిస్తూ తామే పాడే మనుషులు ఈ రాష్ట్రంలో ఇద్దరే ఉన్నారన్నట్టుండేది ఆ రోజుల్లో. అర్జునరావు, గుణశేఖర్. సినిమాలకి పాటలు కట్టారు, ఊరూరా కచేరీలు చేశారు, ఒకరున్న సభకి ఒకరు రారని చెప్పుకునేవారు. అర్జునరావు వాయిస్తే బండి పట్టాలు తప్పుతుందేమో అన్నంత జోరు. నిలబడి వాయిస్తాడట, కుర్చీ తన్నేస్తాడట. గుణశేఖర్‌ది వేరే దారి. ఇంట్లో అందరూ నిద్రపోతుంటే ఎవరూ లేవకుండా మెట్లు దిగుతున్న మనిషిలా ఉండేది ఆయన చేయి. వదిన అర్జునరావు మనిషి. తాయారు గుణశేఖర్ మనిషి. గుణశేఖర్ పాట వచ్చిందంటే వదిన ఆవులించేది, "నిద్రొత్తందే, దోసె మాడిపోద్ది" అనేది. అర్జునరావు పాట వస్తే తాయారు రుబ్బురోలు పొత్రం పట్టుకుని, "మీవోడు పియానో వాయిత్తన్నాడేటి, నాతోటి కలిసి పిండి రుబ్బుతన్నాడేటి" అనేది. టిఫినుకొచ్చిన కళాసీలు పక్షాలు కట్టేవారు. పేరు చెప్పకుండా పాట మొదలైతే రెండు మీటలు వినగానే తాయారు చెప్పేసేది, ఇది గుణశేఖర్ చేయి అని. ఒక్కసారీ తప్పలేదు. ఆమెకి చదువు పెద్దగా లేదు, సంగీతం అసలు రాదు, ఉన్న గర్వమల్లా ఆ ఒక్కటే, ఆ చెయ్యి తనకి తెలుసునని.

ఆ గర్వం ఉండే చోట ఇప్పుడు ఒక హోరు ఉంది. ఎడమ చెవిలో, రాత్రీ పగలూ. ఒక తెల్లవారుజామున గ్రైండరు ఆపేసినా ఆగలేదా చప్పుడు. స్విచ్చు మళ్లీ నొక్కి చూసింది, ప్లగ్గు పీకేసింది, అయినా తిరుగుతూనే ఉంది. నీళ్లు దూరాయనుకుంది. నూనె వెచ్చబెట్టి పోసుకుంది, దూది పెట్టుకుంది, ఒంటికాలి మీద గెంతింది. ఫోను ఎడమ చెవికి పెట్టుకుంటే అవతల ఎవరూ లేనట్టుండేది. చివరికి బ్యాంకుకి వెళ్తున్నానని చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లింది. చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నొక్కింది, నొక్కింది, ఆ తర్వాత చాలాసేపు నొక్కడానికేమీ రాలేదు. అద్దంలోంచి, అవతల మిషను దగ్గరున్న అమ్మాయి మొహం చూస్తూ కూర్చుంది. డాక్టరు చిన్నది, వదిన కూతురు హిమబిందు వయసుండవచ్చు. "ఈ చెవి ఇంక రాదమ్మా" అంది నెమ్మదిగా, "రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూసుకోండి, ఒక చెవితో దిక్కు తెలీదు." మరి రెండోది అని అడిగితే, ఇప్పటికి బాగానే ఉంది, చూసుకుంటూ ఉందాం అంది. ఇప్పటికి. ఆ మాట పట్టుకునే తాయారు ఇంటికొచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, పోతమ్మ గుర్తొచ్చింది. ఊళ్లో పోతమ్మ అని ఒకామె ఉండేది, మంచి మాటకారి, నాట్లేసేటప్పుడు పొలమంతా నవ్వించేది. చెవులు పోయాక అందరూ ఆమెతో గొంతు పెంచి రెండు మాటలు మాట్లాడి, మిగతావి తమలో తాము మాట్లాడుకునేవారు. ఆమె ఒకరి మొహంలోంచి ఒకరి మొహంలోకి చూస్తూ, అందరూ నవ్వినప్పుడు కాస్త ఆలస్యంగా నవ్వుతూ ఉండేది. చిన్నప్పుడు తాయారు కూడా ఆ ఆలస్యపు నవ్వు చూసి నవ్వింది. ఇందాక వదిన మాటకి తను నవ్విన నవ్వు అలాగే ఉండి ఉంటుంది.

జనం ఒక్కసారి లేచారు. తాయారూ లేచింది. వేదిక మీదకి ఇద్దరు ముసలివాళ్లు వచ్చారు, చెరో పక్క నుంచి కాదు, ఒకే పక్క నుంచి, ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని. అర్జునరావు చేతిలో కర్ర. ఆ కుర్చీలు తన్నే మనిషి చేతిలో కర్ర. గుణశేఖర్ ఇంత పొట్టివాడని రేడియోలో తెలియదు కదా. ఉన్నారు. నిజంగా ఉన్నారు. ఇన్నేళ్లు తన తలమీది చెక్కబల్ల నుంచి పాడిన వాళ్లు, కాళ్లూ చేతులూ ఉండి, చొక్కా గుండీలు పెట్టుకుని, మెట్టు దగ్గర తడబడి, అదిగో నడిచి వస్తున్నారు.  తాయారుకి చప్పట్లు కొట్టాలని కూడా తోచలేదు. దేవుణ్ణి ఊరేగింపులో కాక వంటింట్లో నీళ్లు తాగుతుండగా చూసినట్టుంది. పెద్ద తెర మీద వాళ్ల చేతులు పడ్డాయి. మచ్చలు పడి, నరాలు తేలి, కణుపుల దగ్గర లావెక్కిన వేళ్లు. ఆమె తన చేతులు చూసుకుంది, పెనం అంచు కాల్చిన గీతలు, పిండిలో నాని నాని పాలిపోయిన గోళ్లు. అవీ పనిచేసిన చేతులే, ఇవీ పనిచేసిన చేతులే అనుకుంది, అంతలోనే అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. ఆ వేళ్లు అప్పటికే మీటల మీద పడ్డాయి.

మొదటి పాట ఎవరిదో తెలిసింది, వాయిస్తున్నదెవరో తెలియలేదు. ధ్వని మీద పడింది, ఛాతీలో తగిలింది, అరికాళ్ల కింద ఇసుకలో కదిలింది, కానీ ఎటునుంచి. ఎడమ పియానోనా, కుడి పియానోనా. ఆమెకి అంతా ఒకే గుమ్మం. తెర మీద చేతులు మారుతుంటే చూసి, ఓహో ఇప్పుడు ఈయన, ఇప్పుడు ఆయన అనుకోవాల్సి వస్తోంది, చూపు ఒక్క క్షణం తప్పితే మళ్లీ అంతా కలిసిపోతోంది. భయం వేసింది. ఇంక ఇంతేనా, పాట కూడా ఇలా పోగులు తెలియని ముద్దైపోతుందా. ఎడమ చెవిలో గ్రైండరు తిరుగుతూనే ఉంది. పక్కన వదిన ఊగిపోతోంది, చేతులు తిప్పుతోంది, మధ్యమధ్య తాయారు వైపు ఒరిగి చెవిలో ఏదో చెబుతోంది, ఆ చెవిలోనే. వెచ్చటి ఊపిరి తగులుతోంది, మాట తగలడం లేదు. తాయారు తల ఊపుతోంది. వదిన ఒరగడం క్రమంగా తగ్గించింది.

ఇదే ఆఖరు, తనూ వదినా కలిసి ఇలా రావడం. వచ్చే నెలలో అన్నా వదినా ఆనందపురం వైపు వెళ్లిపోతున్నారు. అన్న రిటైరయ్యాడు, ఊళ్లో భూమి ఉంది, చేమంతులు వేస్తానంటున్నాడు, మార్కెట్టు దగ్గరంటున్నాడు. పెద్ద దూరమేమీ కాదు, బస్సెక్కితే గంటలో వెళ్లిపోవచ్చు. అయినా తెల్లారకముందు పక్కింటి తలుపు చప్పుడు ఉండదు కదా. ఈ సంగతి వదిన తనతో చెప్పలేదు. మేనకోడలు హిమబిందు చెప్పింది, టిఫిను పొట్లం కట్టించుకుంటూ, తెలిసే ఉంటుందన్నట్టు, "అత్తా, అమ్మోళ్లు ఎల్లిపోతే మెస్సు నువ్వొక్కర్తివీ సూసుకోగలవా" అని. తాయారు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అడుగుదామనుకుంది. అడగలేదు. నాతో ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోదామనుకున్న మనిషిని నేనెందుకు అడగాలి అని బిగుసుకుంది. వదిన కూడా అదే బిగువు మీద ఉంది, ఎందుకో తెలియదు. పెనం దగ్గర నుంచి పిలవడం మానేసింది. రేడియో పెట్టడం మానేసింది. ఈ కచేరీ టిక్కెట్లు హిమబిందు కొని ఇచ్చింది, వెళ్లే ముందు మీరిద్దరూ ఒక్కసారి చూసిరండి అని.

ఒక మధ్యాహ్నం నుంచి మొదలైంది ఇదంతా. అది మాత్రం తాయారుకి గుర్తుంది. మెస్సు కడిగేశాక షెడ్డులోనే చాప పరుచుకుని ఇద్దరూ పక్కపక్కన నడుం వాల్చడం అలవాటు. ఆ రోజు తాయారు గోడవైపు తిరిగి కుడిపక్కకి పడుకుంది, కుడి చెవి చేతి మీద నొక్కుకుపోయింది. అలా పడుకుంటే లోకం పూర్తిగా మూతపడుతుంది, హోరు తప్ప ఏమీ ఉండదు, అదొక రకం హాయిగా కూడా ఉంటుంది. ఎంతసేపు గడిచిందో. లేచి చూసేసరికి వదిన మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది, కళ్లు తడిగా ఉన్నాయి. ఏటైంది వదినా అంటే, ఏటీ నేదు అంది. కంట్లో పొగ పడిందేమో అనుకుంది తాయారు. పొయ్యి ఆర్పేసి చాలాసేపైందన్నది అప్పుడు తోచలేదు, ఎన్నాళ్లకో ఒక రోజు గిన్నెలు తోముతుంటే తోచింది. అప్పటికి అడిగే అదను దాటిపోయింది.

వేదిక మీద అర్జునరావు మైకులో ఏదో అన్నాడు, జనం నవ్వారు. తర్వాత గుణశేఖర్ వానపాట మొదలైంది. తాయారు కళ్లు మూసుకుంది. తెర వద్దు, చేతులు వద్దు, ఈ ఒక్కదానికీ చూడక్కర్లేదు. ఇది ఆయన ప్రాణం పెట్టి చేసిన పాట, మొదటి చినుకుల్లా నాలుగు మీటలు, మధ్యలో ఆగడం, ఆ ఆగడంలోనే వాన వస్తుందా రాదా అని మనసు కొట్టుకోవడం. పురిటి తర్వాత ఒంటరిగా పడుకున్నప్పుడు విన్న పాట. వరహాలు క్రేను మీద నుంచి పడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు వరండాలో ఎవరి ఫోనులోంచో వినబడిన పాట. ఆ మెట్లు దిగే అడుగు ఇదే, ఇదే, తప్పు లేదు, ఒక చెవి పోతేనేం, ఈ చెయ్యి నాకు తెలుసు. ఆమె కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. ఇది ఉంది, ఇంకా ఉంది, ఇది నాకు మిగిలింది. కళ్లు తెరిచింది.

గుణశేఖర్ చేతులు ఆయన ఒళ్లో ఉన్నాయి. ఆయన వాయించడం లేదు. పియానో మీదకి కాస్త వంగి, నోరు కొద్దిగా తెరిచి, చిన్నపిల్లాడిలా వింటున్నాడు. వాయిస్తున్నది అర్జునరావు. పిండి రుబ్బే మనిషి, బండి పట్టాలు తప్పించే మనిషి, మీటల్ని నొక్కుతున్నాడో నిమురుతున్నాడో తెలియనట్టు, గుణశేఖర్ ఎక్కడ ఆగుతాడో అక్కడ ఆగి, ఎంత ఆగుతాడో అంత ఆగి.  తాయారుకి మోసపోయినట్టనిపించలేదు. ఇన్నేళ్లు ఈయన ఆయన్ని విన్నాడన్నమాట. ఊరంతా ఇద్దరికీ పడదని చెప్పుకుంటుంటే ఏ రాత్రో తలుపులేసుకుని, ఒక్కో మీటా, ఒక్కో ఆగడమూ, తనకన్నా, తాయారుకన్నా బాగా విన్నాడు. అలా వినకపోతే ఇలా వాయించలేడు. ఒక మనిషిని ఇంకో మనిషి ఇంతగా వినగలడా. అంతమంది జనం మధ్య ఆమెకి లేచి ఎవరికైనా చెప్పాలనిపించింది, వదినా చూడు, మీవాడు చూడు అని. తిరిగి చూస్తే వదిన కూడా ఏడుస్తోంది. ఏదో అంటోంది. వినబడలేదు.

అప్పుడు పెళ్లున ఒక చప్పుడు, అంతే, స్పీకర్లు పోయాయి. దీపాలు పోయాయి, తెర నల్లబడింది. జనరేటరు దగ్గరికి ఎవరో పరుగెత్తారు. ఈలలు, అరుపులు, కుర్చీల చప్పుళ్లు, అన్నీ ఒకే గుమ్మంలోంచి ఒక్కసారి లోపలికి దూసుకొచ్చి తాయారు కుడి చెవి చేత్తో మూసుకుంది. ఆకాశంలో ఇంకా కాస్త వెలుతురుంది. ఆ వెలుతురులో అర్జునరావు లేచి నిలబడ్డాడు, కర్ర లేకుండా, పియానో అంచు పట్టుకుని. అరచెయ్యి ఎత్తాడు. ముందు వరసలు ఊరుకున్నాయి, ఆ ఊరుకోవడం వరస నుంచి వరసకి పాకి వెనక రోడ్డు దాకా వచ్చింది. ఎవరో ఫోను లైటు వేదిక మీదికి వేశారు, వందల లైట్లు వెలిగాయి. గుణశేఖర్ చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. అప్పుడు, ఆ నెమ్మదస్తుడు, ఎవరినీ నిద్రలేపకుండా మెట్లు దిగే మనిషి, భుజాలు ముందుకు వేసి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి మీటల్ని కొట్టాడు, ఆఖరి వరసలో కూర్చున్న వాళ్ల దాకా వెళ్లాలని.

పీలగా వచ్చింది ధ్వని. అలల మధ్య సందుల్లోంచి వచ్చింది, గాలి వీచినప్పుడు వచ్చి, గాలి తిరిగినప్పుడు పోయింది. అందులో ఇనప తీగె ఉంది, చెక్క ఉంది, వేలి బరువు ఉంది, రేడియోలో ఎప్పుడూ వినబడనివి. తాయారు ముందుకి వంగి అరచెయ్యి కుడి చెవి వెనక పెట్టుకుంది. ఎన్నాళ్లుగానో ఎవరైనా చూస్తారని చెయ్యని పని, మరిచిపోయి చేసేసింది. గుర్తొచ్చి చెయ్యి దించబోతూ చుట్టూ చూసింది. అందరూ అలాగే ఉన్నారు. పక్కన కళ్లద్దాలాయన చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. ముందు వరసలో చీరకొంగులూ టోపీలూ అన్నీ ముందుకి వంగి, చెవుల వెనక చేతులు. అవతల బారికేడు దగ్గర కానిస్టేబులు టోపీ తీసి చంకలో పెట్టుకుని, అరచెయ్యి దొన్నెలా చేసి చెవికి ఆనించాడు. వరస వెనక వరస, కనుచూపు మేర, మైదానం నిండా ఇంతమంది, ఒక్క మీట కూడా జారిపోకూడదని ఊపిరి బిగపట్టి, ఇంకాస్త, ఇంకాస్త అని. తాయారు అలా చూస్తూ ఉండిపోయింది. ఇంత మంది మనుషులు ఇంతగా వినాలనుకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. వదిన కూడా చెయ్యి చెవికి ఆనించుకునే ఉంది. అలాగే తాయారు వైపు వంగి మళ్లీ ఏదో అంది.

"వదినా, ఆ సెవి పోనాది" అంది తాయారు.

వదిన చెయ్యి దించింది. తాయారు తన మొహం పూర్తిగా వదిన వైపు తిప్పి, కుడి చెవి ఆమె నోటి దగ్గర పెట్టింది. "ఇటు సెప్పు. అటు ఏటీ ఇనబడదు. సానా దినాలైంది."

"ఎప్పుడ్నుంచే."

"గ్రైండరు బాగుసేయించేం సూడు, ఆ ముందు. డాక్టరు ఇంక రాదన్నాది."

 వదిన కళ్లు ఏదో వెనక్కి వెతుక్కుంటున్నాయి. ముందాయన వెనక్కి తిరిగి, "అమ్మా, కొంచెం" అన్నాడు. వదిన ఆయన్ని చూడనేలేదు. "మరైతే ఆ మజ్జానం" అంది, తాయారు చెవికి పెదవులు తగిలేంత దగ్గరగా, "నువ్వు గోడేపు తిరిగి పడుకున్నావు. నానంతసేపు సెప్పినాను. ఏటీ ఇన్నేదా."

"ఏటి సెప్పినావు."

"మీ అన్న ఊరెల్లిపోదామంతన్నాడు, నాకు ఎల్లబుద్ధి కాట్లేదు, ఈ వయసులో ఆ పూలూ ఆ బురదా నావల్ల కాదు, నువ్వు నేకుండా తెల్లారి లేచి నానేటి సేత్తాను, నువ్వొక్క మాట ఎల్లకు వదినా అంటే మీ అన్నకి నాను రానని సెప్పేత్తానన్నాను." వదిన కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు కదల్నేదు. మెలకువగానే ఉన్నావు, కాలేళ్లు ఆడిత్తన్నావు. పలకనేదు. సరే, దీనికి నాను అక్కర్నేదనుకున్నాను."

తాయారుకి పియానో వినబడలేదు, సముద్రం వినబడలేదు, ఎడమ చెవిలో హోరు కూడా వినబడలేదు. ఆ మధ్యాహ్నపు చాపా, మోకాళ్లు ముడుచుకున్న వదినా, పొగలేని షెడ్డూ కళ్ల ముందు నిలబడ్డాయి. తను చేతి మీద చెవి నొక్కుకుని, హాయిగా ఉందనుకుంటూ, కాలివేళ్లు ఆడించుకుంటూ.

"ఎల్లకు వదినా" అంది.

ఎంత గట్టిగా అందో ఆమెకి తెలియదు. ఒక చెవి మనిషికి తన గొంతు కొలత చిక్కదు. వేలమంది ఊపిరి బిగబట్టిన ఆ మైదానంలో ఆ మాట వరసలు దాటి వెళ్లిపోయింది. మనుషులు తిరిగి చూశారు. కానిస్టేబులు చూశాడు. ఎవరో ఉష్ అన్నారు. వదిన తాయారు నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయి, పెట్టలేక, ఆ చెయ్యి తన నోటికే అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమె భుజాలు కదిలిపోతున్నాయి.

"నెమ్మదే. అందరూ ఇంతన్నారు."

"ఇననీ. ఎల్లకు."

"మీ అన్నకి నువ్వే సెప్పాల. నావల్ల కాదు."

"రేపు పొద్దున్నే సెప్తాను. పూలు కావాలంటే అన్ననే ఎల్లి ఏసుకుని, వారం వారం శనివారానికి రమ్మను."

వదిన లేచింది. నడుం వంచి, తాయారు మోకాళ్లు దాటి, కళ్లద్దాలాయనతో ఏదో అంది. ఆయన వేదిక మీది నుంచి చూపు తిప్పకుండానే లేచి ఎడమ కుర్చీలోకి జరిగాడు. వదిన కుడివైపు కూర్చుంది. వచ్చి కూర్చోగానే ఆమె చీర రెపరెప, గాజుల చప్పుడు, పరుగెత్తి వచ్చిన మనిషిలా ఆమె తీసుకుంటున్న ఊపిరి, అన్నీ వినబడ్డాయి. ఎన్ని నెలలైందో ఆ చప్పుళ్లు అంత దగ్గరగా విని.

దీపాలు గుప్పున వెలిగాయి. స్పీకర్లు గురగురలాడాయి. నిర్వాహకుడెవరో మైకు పట్టుకుని వేదిక మీదికి పరుగెత్తుకొచ్చాడు. ఎప్పుడు కూర్చుని అందుకున్నాడో, అర్జునరావు కూడా వాయిస్తున్నాడు, వాయిస్తూనే ఒక చెయ్యి ఎత్తి, వద్దన్నట్టు ఊపాడు. గుణశేఖర్ తల అడ్డంగా తిప్పాడు. ఆ మనిషి మైకుతో అక్కడే ఆగిపోయాడు, తర్వాత వెనక్కి చూసి సైగ చేశాడు, స్పీకర్ల గురగుర ఆగింది, ఒక్కొక్కటిగా దీపాలు కూడా ఆర్పేశారు. జనంలోంచి చప్పట్లు రాలేదు. మైదానమంతా మళ్లీ ముందుకి వంగింది. వేదిక మీద ఇద్దరు ముసలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయిస్తున్నారు, ఎదుట వేలమంది ఉన్నట్టే లేదు వాళ్లకి, ఒకరి చెయ్యి ఆగే చోట ఒకరి చెయ్యి అందుకుంటోంది, ఏ మీట ఎవరిదో తాయారు వెతకడం మానేసింది. వదిన ఆమె చెవి దగ్గరికి ఒరిగి ఏదో చెప్పబోయి, పాట విని ఆగిపోయింది. తర్వాత చెప్పవచ్చులే అన్నట్టు తాయారు మోకాలి మీద చెయ్యి వేసి, వినసాగింది.